రెండు కిటికీల నడుమ గోడ

గడియారం మూడు కొట్టింది. నగరపాలక సంస్థ ఇంజనీరమ్మ నాలుగింటికి వస్తానంది. ఇంకా గంట. ఈ గంటలోగా నోరు మూసుకోవడమా, విప్పడమా, రెండిట్లో ఒకటి తేల్చుకోవాలి అనుకుంటూ మాలకీ డిగ్నన్ తడిసిన టోపీని మోకాలి మీద పరుచుకున్నాడు. ఎదురుగా బ్రీడ్ వదిన. వదిన వెనక గోడ. రెండు పొడుగాటి కిటికీల నడుమ నాలుగడుగుల వెడల్పు గోడ, దాని మీద ఎప్పటిదో పసుపు కాగితం, కాగితం మీద అన్న డెసీ ఫోటో, ఫోటో కింద కుర్చీ, ఆ కుర్చీలో ఈవిడ. ఇంత గదిలో కూర్చోవడానికి ఇంకో చోటే దొరకలేదా ఈవిడకి? అటు పొయ్యి పక్కన కూర్చోవచ్చు, మంచం పక్కన కూర్చోవచ్చు. కాదు, అక్కడే, ఆ గోడకే వీపు ఆనించి, ఆనించిందే చాలక తల కూడా వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని టీ తాగుతోంది. లేచి ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగెయ్యాలనిపించింది. లాగితే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి.

"ఏంటట్లా గుడ్లప్పగించి చూస్తున్నావు? టీలో చక్కెర తక్కువైందా?"

"బానే ఉంది వదినా."

"బాగుంటే తాగు. చూస్తూ కూచుంటే చల్లారుద్దే గానీ తరగదు."

తాగాడు. చల్లారనే చల్లారింది. కిటికీ బయట నవంబరు వాన, వాన అని గట్టిగా పిలవడానికి కూడా తగనిది, అలా జారుతూనే ఉంది పొద్దుటి నుంచీ. ఎదుటి వరస ఇళ్ళ ఎర్ర ఇటుకలు తడిసి నల్లబడ్డాయి. పోయిన వారం ఫోన్లో ఈవిడ ఏమంది? "డబ్లిన్‌లో ఆ గోడ సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు మాలకీ? కింద గుమ్మం మీద పగులు చూసి ఎవరో వాళ్ళకి చెప్పారంట. ఆ ఇంజనీరు పిల్ల వచ్చి చూసి, ఇల్లు ఖాళీ చెయ్యాలో అక్కర్లేదో తేలుస్తదంట. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు చాలు, గోడకేం కాదని. నీ మాటంటే వాళ్ళు కాదనరు. ఈ గదిలోంచి నన్ను కదిపారంటే మాత్రం నేను బతకను, ముందే చెప్తున్నా." చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి ఆవిడ. డెసీ పోయినప్పుడు చుట్టాలంతా మా ఇంటికి రమ్మంటే మా ఇంటికి రమ్మన్నారు. ఎవరింటికీ పోలేదు. నలభై ఒక్క ఏళ్ళు ఒకే గదిలో కాపురం చేసిన మనిషి, డెబ్బై రెండేళ్ళ వయసులో, ఎక్కడికని పోతుంది? ఒక్క మాట చాలట. నిజమే. ఒక్క మాట చాలు. ఏ మాట అన్నదే తేలక చస్తున్నాడు తను.

ఆర్డ్‌మోర్ వీధిలో ఈ ఇంటిని చూసి ముచ్చటపడని వాడు లేడు. నాలుగు అంతస్తులు, అంతస్తుకి మూడు కిటికీలు, పైకి పోయేకొద్దీ కిటికీలు పొట్టివవుతాయి. అలా చేస్తే కింద నిలబడి చూసేవాడికి ఇల్లు ఇంకా ఎత్తుగా కనపడుతుందని కట్టినవాళ్ళ ఎత్తు. గుమ్మం మీద విసనకర్ర విప్పినట్టు గాజు. లోపల హాల్లో కప్పు నిండా సున్నంతో చేసిన పిట్టలు, ద్రాక్ష గుత్తులు, పిట్టల ముక్కులు మూడొంతులు విరిగిపోయాయనుకోండి. ప్రభువులు కట్టించుకుంటే, ప్రభువులు పోయాక గదికో కుటుంబం చొప్పున పేదవాళ్ళు ఎక్కారు. ఏ గదిలో ఎంతమంది పుట్టారో, ఎంతమంది దగ్గి దగ్గి పోయారో ఆ పిట్టలకే తెలియాలి. ఇంతకీ ఈ ఇళ్ళ అందమంతా ముఖంలోనే. మాలకీకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? వీధి వైపు నున్నటి ఎర్ర ఇటుక. దాని వెనక నాసిరకం ఇటుక, వంకరటింకర, చేతికి ఏది దొరికితే అది. ముందు గోడని వెనక గోడతో కలిపి పట్టుకోవాలంటే ఇటుక అడ్డంగా లోపలికంటా పోవాలి కదా, అలా పోనిస్తే మంచి ఇటుక వృథా అవుతుందని దాన్ని సగానికి విరిచి ముందు ఒక ముక్క మాత్రం పెట్టేవాళ్ళు. చూసేవాడికి నిండు ఇటుకే. వెనక చూస్తే ఏమీ లేదు. మరి గోడ విడిపోకుండా? లోపల, ఇటుకల మధ్య, ఇంటి వెడల్పంతా అడ్డంగా ఒక పొడుగాటి కొయ్య దుంగ. పెద్దాళ్ళు నడుముకి కట్టుకునే పటకా ఉంటుంది చూడండి, అట్లాంటిది. అది గట్టిగా ఉన్నంత కాలం ఇల్లు నిలబడుతుంది. దాన్ని ఎవరూ చూడరు. చూసినవాళ్ళు ఇద్దరే. ఒకడు మూడేళ్ళ కిందట గ్లాస్‌నెవిన్ శ్మశానంలో మట్టి కప్పుకున్నాడు. రెండోవాడు ఇదిగో, చల్లారిన టీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"బ్రాక్ తింటావా? ఎండు ద్రాక్ష రొట్టె, హాలోవీన్‌కి చేసిందే, ఇంకో ముక్క మిగిలింది" అంది వదిన కళ్ళు తెరవకుండానే.

హాలోవీన్. సరిగ్గా ఆ మాటే అనాలా ఈవిడ? ఎనభై ఒకటి అక్టోబరు. మాలకీకి ఇరవై నాలుగు, డెసీకి ముప్ఫై ఒకటి. పరంజా మీద ఇద్దరూ, ఇదే ఇల్లు, ఇదే అంతస్తు, ఈ గోడకి అవతలి వైపు. మాలకీ సొంత పేరు మీద ఒప్పుకున్న మొదటి పని అది. హాలోవీన్ లోపల పరంజా దించేస్తానని ఇంటి యజమానికి మాటిచ్చాడు. అప్పటి దాకా అన్న కింద పని చేసినవాడు, అన్న తన కింద పనికి వచ్చాడు, నవ్వుతూనే వచ్చాడు, "దొరగారూ, ఈ పూట ఏ కిటికీ?" అని టోపీ తీసి దండం పెట్టేవాడు. ఎడమ చేతి వాటం డెసీది. ఇద్దరూ చెరో చివర నుంచి మొదలుపెడితే మధ్యలో మోచేతులు తగలకుండా కలిసేవాళ్ళు. పని ఏమిటంటే దర్జలు, ఇటుకకీ ఇటుకకీ మధ్య అతుకులు. పాత సున్నం గీకెయ్యాలి, కొత్తది కూరాలి. ఊరికే కూరితే డబ్లిన్‌లో ఎవరూ మెచ్చరు. పాత ఇటుకలు ఎగుడుదిగుడు, అతుకులు వంకర, ఆ వంకర కనపడకూడదు. అందుకని అతుకు మీద తెల్ల సున్నంతో దారమంత సన్నని గీత తిన్నగా గీసి, చుట్టూ ఇటుక రంగు మాలు నింపి, ఇటుక ఎక్కడ అయిపోయిందో మాలు ఎక్కడ మొదలైందో కంటికి తెలియకుండా చేస్తారు. విగ్గింగ్ అంటారు ఇక్కడి పనివాళ్ళు. పాతికేళ్ళు చేసినా కొందరికి చెయ్యి తిరగదు. మాలకీకి ఇరవయ్యో ఏటికే తిరిగింది. వంకరని తిన్నగా చూపించడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య అని డెసీ మెచ్చుకున్నాడా, ఎత్తిపొడిచాడా, ఏదీ ఇప్పటికీ తెలీదు.

ఆ రోజు డెసీ గీకుతుంటే రెండు వరసల ఇటుకలు లోపలికంటా కదిలి ఊడి చేతిలోకి వచ్చాయి. సందులోకి చెయ్యి పెట్టాడు. పెట్టి, తీసి, చెయ్యి చాపాడు. అరచేతిలో గోధుమ రంగు ముద్ద. పిసికితే నీళ్ళు కారాయి. "దుంగ రా మాలకీ" అన్నాడు. "ఇది దుంగ. చూడు, రొట్టెలా ఉంది." పైన గోడ అంచు వెనక దాక్కున్న వాన నీళ్ళ కాలువ ఎన్నేళ్ళుగా కారుతోందో. పిడికెడు కాదు, మూరెడు కాదు, ఎంత దూరం పుచ్చిందో తెలీదు. లోపలి నుంచి విప్పాలి అన్నాడు డెసీ. పుచ్చిన కొయ్య తీసేసి, ఆ జాగా అంతా నిండు ఇటుకతో, సున్నం మాలుతో, కొంచెం కొంచెంగా కట్టుకు రావాలి. కనీసం మూడు వారాలు. మూడు వారాలా! మంచు పడే రోజులు ముంచుకొస్తున్నాయి, సున్నం పచ్చిగా ఉండగా మంచు తగిలిందంటే పొడైపోతుంది, పరంజా దిగదు, మాట పోతుంది, మొదటి పని, మొదటి పేరు. మాలకీ కిందికి దిగి సిమెంటు కలుపుకుని వచ్చాడు. రెండు సగం ఇటుకలు ఆ కన్నానికి మూత పెట్టాడు. చుట్టూ సిమెంటు కూరాడు. ఆ ఒక్క చోటే కాదు, మొదలెట్టాడు కాబట్టి, గబగబా ఆరుతుంది కాబట్టి, మిగిలిన గోడంతా సిమెంటే కూరాడు. దాని మీద సున్నం గీత గీశాడు, చూసేవాడికి ఏం తెలుస్తుంది? సున్నం తడి పీల్చుకుంటుంది, వదులుతుంది. సిమెంటు తడిని లోపలే మూత వేసి ఉంచుతుంది. ఆ సంగతి అప్పుడు తెలీదా అంటే, తెలుసు. తెలీకేం.

"లోపల మనుషులు పడుకుంటారు రా" అన్నాడు డెసీ. అంతే, ఆ ఒక్క మాటే. దానికి తనేమన్నాడు? గుర్తుంది. గుర్తులేకపోతే ఎంత బాగుండేది! "ఎవరు చూడొచ్చారన్నా?" అన్నాడు. డెసీ తాపీ కడిగి, తుడిచి, సంచీలో పెట్టుకుని నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు. తెల్లారి రాలేదు. ఆ తర్వాత బస్సుల డిపోలో చేరాడు. తాపీ మళ్ళీ పట్టలేదనే ఊరంతా అనుకుంది, తనూ అనుకున్నాడు.

హాలోవీన్ ముందు రోజే పరంజా దించాడు మాలకీ. పక్క వీధుల నుంచి పనివాళ్ళు వచ్చి, వీధికి అవతల నిలబడి, నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. ఎవరో ఫోటో తీస్తే అది మరుసటేడు క్యాలెండరు మీదికెక్కింది. 'గీతల మాలకీ' అని పేరొచ్చింది. ఆ గోడ చూసే ఆ తర్వాత పనులన్నీ వచ్చాయి, పెద్ద పెద్ద ఇళ్ళవి, చర్చీలవి. పాతిక ముప్ఫై ఏళ్ళ నుంచి పని నేర్పుతున్నాడు కూడా, అందులో సిమెంటు బస్తా కనపడితే చాలు వీరంగం వేస్తాడు. "పాత ఇటుకకి సిమెంటు పెట్టేవాడు మనిషేనా?" అని అరిచినప్పుడు తన గొంతు తనకే వినపడుతుంది. నేర్చుకునేవాళ్ళు అది పట్టుదల అనుకుంటారు, పాపం. డెసీ ఏం చేశాడు? మరుసటి వేసవిలో పెళ్ళాన్ని తీసుకుని వచ్చి, ఊళ్ళో ఇన్ని గదులుండగా, ఇదే ఇంట్లో ఇదే గదిలో దిగాడు. ఆ కబురు విన్న రోజు మాలకీకి ఒకటే తోచింది. ఇది నన్ను దెప్పడానికే. చూడరా, నువ్వు మూత పెట్టిన గోడ కింద నా పెళ్ళాం పడుకుంటోంది, నేను పడుకుంటున్నాను, చేతనైతే ఇంకొకసారి "ఎవరు చూడొచ్చారు" అను, అని చెప్పడానికే. అలా అనుకున్నాక ఈ మెట్లు ఎక్కడానికి కాళ్ళెలా వస్తాయి? ఎక్కలేదు. క్రిస్మస్‌కి ఎక్కలేదు, వదినకి కడుపు పోయినప్పుడు ఎక్కలేదు. మూడేళ్ళ కిందట డెసీకి జబ్బు చేసినప్పుడు కూడా కింద గుమ్మం దాకా వచ్చి, ఆ గాజు విసనకర్ర కింద కాసేపు నిలబడి, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఒక్కసారి మాట్లాడుకున్నారు, అమ్మ పోయినప్పుడు. శ్మశానం గేటు దగ్గర, ఇట్లాంటి వానే. డెసీ దగ్గరికొచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "ఆ గోడ గురించి ఇంక నిద్ర చెడగొట్టుకోకు మాలకీ, అది..." అన్నాడు. పూర్తిగా అననిచ్చాడా తను? "నా నిద్ర సంగతి నీకెందుకు" అని చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయాడు. అన్నీ తెలిసిన పెద్దమనిషిలా ఆ మెత్తదనం, ఆ క్షమించడం! కొట్టినా భరించేవాడు గానీ అది భరించలేకపోయాడు. ముప్ఫై ఏళ్ళయింది. ఇప్పుడు తలుచుకున్నా చెవులు వేడెక్కుతాయి.

మూడున్నర. పొయ్యిలో బొగ్గు కొంచెం కుంగింది. ఎక్కడో టప్‌మని చిన్న చప్పుడైంది, పూత పెచ్చు రాలిన చప్పుడు, పక్క గదిలోంచి. పక్కది చిన్న గది, మూడో కిటికీ ఉన్నది. అందులో హలీనా అని పోలండు ఆవిడ ఉంటుంది, ఆస్పత్రిలో వంట పని, రాత్రికి గానీ రాదు. పోనీ చెప్పకపోతే ఏమవుతుంది? ఏమో, ఏమీ కాకపోవచ్చు. నలభై రెండేళ్ళు నిలబడ్డది ఇంకో పదేళ్ళు నిలబడదా? ఈవిడ ఆయుష్షు ఎంత, తన ఆయుష్షు ఎంత? ఇంజనీరమ్మ అక్కడా ఇక్కడా తట్టి చూసి, గీతల మాలకీ మాట మీద సంతకం పెట్టి పోతుంది. వదిన తన మంచం మీద తను పోతుంది, తన పేరుతో తను పోతాడు, డెసీ చెప్పకుండానే పోయాడు. ఆ తర్వాత గోడ ఏమైతే ఎవడికి? ఎవరు చూడొచ్చారు? ఛీ. మళ్ళీ అదే మాట. అరవై ఆరేళ్ళొచ్చినా లోపల కూర్చుని ఆ కుర్రవెధవ అదే మాట అంటున్నాడు.

"డెసీ ఏనాడూ నిన్ను ఒక్క మాట అనలేదు తెలుసా" అంది వదిన ఉన్నట్టుండి.

"అంటే బాగుండేది."

"ఏంటో మీ అన్నదమ్ములు. ఇద్దరికీ నోళ్ళున్నాయి, ఇద్దరూ తిండికే వాడుకున్నారు." కప్పు కింద పెట్టి, వెనక్కి చెయ్యి చాపి, గోడ మీద ఫోటోని చూడకుండానే సర్దింది. ఆ చెయ్యి పక్కన గోడ కాగితం. కాగితం కింద పూత. పూత కింద ఏముందో తనకి తెలుసు. మాలకీకి చమట పట్టింది, నవంబరులో, ఆరని కోటులో.

కింద తలుపు తట్టిన చప్పుడైంది. హాల్లో ఎవరో తీశారు. రాతి మెట్ల మీద బూట్లు. మొదటి మలుపు దాకా పద్నాలుగు మెట్లు, మధ్యలో అరిగి గుంటపడ్డవి. అక్కడ ఆగింది, పిట్టల కప్పు చూస్తోందేమో. మళ్ళీ పద్నాలుగు. పది నిమిషాలు ముందే వచ్చేసింది. ఇంకో పది నిమిషాలు తనవే అనుకున్నాడు, అవి కూడా దక్కలేదు.

"ఊనా ముల్హర్న్ అండీ" అంటూ తడిసిన గొడుగు గుమ్మంలోనే వదిలి లోపలికొచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మాలకీని చూసి మొహం విప్పారింది. "డిగ్నన్ గారూ! మీ క్లాసుకొచ్చానండీ నేను ఒకసారి. సిమెంటు తెచ్చినవాణ్ణి తాపీతో కొడతానన్నారు, గుర్తుందా? మీరే ఇక్కడుంటే నా పని సగం అయిపోయినట్టే."

"అదే నేనూ చెప్తున్నా" అంది బ్రీడ్ గర్వంగా. "ఈ ఇల్లు ముందు గోడంతా ఈయన చేసిందే. క్యాలెండరు మీద కూడా వేశారు. ఈయన్నే అడగమ్మా, గోడకేమైనా అయిందేమో."

ఇద్దరాడవాళ్ళూ అతని వైపు తిరిగారు. గోడ మీద డెసీ, ఎప్పటిలాగే ఎడమ పక్కకి వంకరగా నవ్వుతున్నాడు. ఒక్క మాట. ఏ మాట?

"వదినా, ముందు ఆ కుర్చీలోంచి లే" అన్నాడు మాలకీ.

"ఎందుకూ?"

"లే అంటున్నా. ఇవతలికి రా." తనే వెళ్ళి చెయ్యి పట్టుకుని పొయ్యి దాకా నడిపించాడు. అక్కడ నిలబెట్టాక ఇంక మాట ఆగలేదు. "ఆ గోడలో దుంగ పుచ్చిపోయింది. ఎనభై ఒకటిలోనే పుచ్చిపోయింది. నేను చూశాను. చూసి, సగం ఇటుకలు పెట్టి మూసేశాను. గోడంతా సిమెంటు కూరాను, పైన సున్నం గీతలు గీశాను. డెసీ వద్దన్నాడు, వినలేదు. అందుకే మానేశాడు నాతో పని. అదీ సంగతి. రాసుకో అమ్మా."

బ్రీడ్ అతని చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. "ఆ గోడ వైపు తల పెట్టుకుని పడుకున్నాం మేం" అంది. "ఇన్నేళ్ళూ. నీకు తెలుసు. నీకు తెలిసి..." అంతకు మించి రాలేదు. అరిచి ఉంటే కొంచెం తేలికయ్యేది అతనికి. అరవలేదు.

ఊనా కుర్చీ పక్కకి జరిపి, ఫోటో జాగ్రత్తగా దించి మంచం మీద పెట్టి, సుత్తి పిడితో గోడ తట్టింది. చెవి ఆనించి మళ్ళీ తట్టింది. కిందికి, పైకి, పక్కకి. "ఇక్కడేనా? బాగా గుర్తుందా?"

"కళ్ళు మూసుకుని చూపిస్తాను."

"గట్టిగా మోగుతోందండీ. కొయ్య ఉంటే ఇలా మోగదు."

నిన్నమొన్న చదువు ముగించి వచ్చిన పిల్ల, దీనికేం తెలుసు అనుకున్నాడు. సుత్తీ ఉలీ తనే అందుకున్నాడు. కాగితం చింపాడు. పూత మీద ఒక్క దెబ్బ, రెండు, మూడో దెబ్బకి పళ్ళెమంత పెచ్చు ఊడి నేల మీద పడింది. దుమ్ము సర్దుకునేదాకా ఏమీ కనపడలేదు. కనపడ్డాక కూడా అర్థం కాలేదు. కొయ్య లేదు. పుచ్చు లేదు. ఇటుక. నిండు ఇటుక, అడ్డంగా లోపలికంటా పోయిన ఇటుక, వరస తర్వాత వరస, మధ్యలో తెల్లని సున్నం మాలు. ఇంకో దెబ్బ కొట్టాడు, ఇంకోటి. ఇటూ అటూ కిటికీ అంచుల దాకా అదే. పూత పట్టడానికి దర్జలన్నీ గోరు లోతు గీకి ఉన్నాయి, అన్నీ ఒకే లోతు, కొలిచినట్టు, ఎప్పటికీ ఎవరూ చూడని చోట. తాపీ లాగిన గుర్తులు కుడి నుంచి ఎడమకి కాదు, ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నాయి, ఎడమ చేతి వాటం. మాలకీ సుత్తి కింద పెట్టేశాడు.

"ఇదా?" అంది బ్రీడ్ నెమ్మదిగా దగ్గరికొచ్చి. "ఇది మేం దిగిన వేసవిలో. గోడ చెమ్మ ఉందన్నాడు. రోజూ డిపో నుంచి రాగానే విప్పేవాడు, ఒక చారెడు విప్పడం, ఒక చారెడు కట్టడం. వేసవంతా మంచం అటు మూల వేసుకున్నాం, నా నెత్తి నిండా సున్నమే. ఇల్లు మారదామంటే వినడే! మంచి ఇటుకలు ఎక్కడెక్కడి నుంచో సంచీలో మోసుకొచ్చేవాడు. ఎందుకింత చాకిరీ అంటే, మా తమ్ముడి పని ఇక్కడ కొంచెం మిగిలిపోయింది అనేవాడు. నేను వేళాకోళం అనుకున్నా."

ఆ గోడ గురించి ఇంక నిద్ర చెడగొట్టుకోకు మాలకీ, అది... అది బాగుచేశాను అనబోయాడు. అంతే కదా, ఇంకో రెండు మాటలు. ఆ రెండు మాటలూ వినడానికి ఆగలేదు తను. శ్మశానం గేటు దగ్గర భుజం మీద పడిన ఆ చెయ్యి బరువు ఇప్పుడు తెలిసింది, ముప్ఫై ఏళ్ళ తర్వాత, మనిషి మట్టిలో కలిసిపోయాక. దెప్పడానికి దిగాడనుకున్నాడు ఈ గదిలో! తమ్ముడి మాట పోకుండా, తమ్ముడి పేరు పోకుండా, ఎవరికీ చెప్పకుండా, కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకుండా, వెనక నుంచి వచ్చి కట్టాడు. కొడితే భరించేవాణ్ణి అనుకున్నాడే, ఇదిగో, దీన్నేం చేస్తాడు? గోడకి నుదురు ఆనించి, అరవై ఆరేళ్ళ మనిషి, ఇద్దరాడవాళ్ళ ముందు, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊనా కిటికీలోంచి వీధి వైపు చూస్తూ నిలబడింది.

కాసేపటికి ఆమే అంది, "పక్క గది తాళం మీ దగ్గరుందా అమ్మా?"

ఉంది. హలీనా తాళం వదిన దగ్గరే పెట్టి వెళుతుంది. ముగ్గురూ వెళ్ళారు. మూడో కిటికీ, దాని పక్కన ఇల్లు అంచు దాకా గోడ. పూత ఉబ్బి ఉంది, నేల మీద పెచ్చులు. డెసీ చెయ్యి ఈ గది దాకా రాలేదు, ఎలా వస్తుంది, ఇది వేరేవాళ్ళ గది. ఊనా తట్టింది. ఈసారి చెవి ఆనించక్కర్లేకపోయింది, డొల్లగా పలికింది. సంచీలోంచి పొడుగాటి ఇనప చువ్వ తీసి గుచ్చితే చప్పుడు లేకుండా పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే చివర గోధుమ రంగు ముద్ద, తడి. నలభై రెండేళ్ళ నుంచీ తన సిమెంటు వెనక ఎక్కడికీ పోలేక ఊరిన తడి. మాలకీ ఆ ముద్ద చేతిలోకి తీసుకుని పిసికాడు. నీళ్ళు కారాయి.

"ఈ రాత్రి ఇంట్లో ఎవరూ ఉండకూడదండీ" అంది ఊనా. "రేపు దన్ను కర్రలు పెట్టిస్తాను. ఆ తర్వాత ముందు గోడ విప్పాలి. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను."

"మా గదికేం?" అంది బ్రీడ్. "మా గది గోడ మా ఆయన కట్టాడుగా. ఇప్పుడే చూశావుగా నువ్వు."

"మీ గోడ బాగుందమ్మా. ఈ ఇంటికంతా అదొక్కటే బాగుంది. కానీ ఇల్లు బాలేదు."

బ్రీడ్ తన గదిలోకి వెళ్ళి, సంచీ తీసి, అందులో మొదట ఫోటో పెట్టింది. ఆ తర్వాత ఇంకేం పెట్టాలో తెలీక నిలబడిపోయింది. మా ఇంటికి రా వదినా అనడానికి మాలకీ నోరు తెరిచాడు. ఏ మొహం పెట్టుకుని అంటాడు? అయినా అన్నాడు. ఆమె "పొయ్యి ఆర్పు" అంది.

బల్ల మీద కాగితం పెట్టుకుని ఊనా రాస్తోంది. చీకటి పడుతోంది, దీపం వేశారు. తల ఎత్తకుండానే, "గోడ పని డిగ్నన్ సోదరులది అని రాస్తున్నానండీ, ఎనభై ఒకటి, ఎనభై రెండు. సరిపోతుందా?" అని అడిగింది.

"సరిపోదమ్మా" అన్నాడు మాలకీ పొయ్యి దగ్గర్నుంచి లేస్తూ. "విడివిడిగా రాయి. బయటిది నాది. లోపలిది మా అన్నది."

ఆమె కొట్టేసి మళ్ళీ రాసింది. బ్రీడ్ సంచీ నేల మీద పెట్టి, గోడ దగ్గరికి వెళ్ళి, ఊడిన పూత మధ్య నుంచి కనపడుతున్న ఇటుకల మీద అరచెయ్యి ఆనించింది. కొంచెం సేపు అలాగే ఉంచింది. "పొడిగా ఉంది" అంది.